కుడి ముక్కు జలుబు

పెరటి మెట్ల మీద నుంచి,
ఎండ ముదరకముందు

ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు కనుక, మా అర్ధమొగుడిగారికి,

మీ వదిన నీ నెత్తిన ఒక మొట్టికాయ వేసి రాయునది.

నీ కడుపు పండిన కబురు నాకు చెప్పకుండా ముందు మీ అన్నయ్యకి చెబుతావా? ఆ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? ఉలి పక్కన పెట్టాడు, "మంచిదే" అన్నాడు, మళ్ళీ ఉలి చేతిలోకి తీసుకున్నాడు. వడ్రంగం చేసే మనిషికి చెక్కతో తప్ప మనుషులతో మాట్లాడటం రాదని నీకు తెలీనిదా? కాకపోతే ఆ సాయంత్రం ఎవరికో చేస్తున్న బల్లకి మూడు కాళ్ళే బిగించి, పనయిపోయిందని చేతులు కడుక్కున్నాడు. అంత సంతోషపడ్డాడన్నమాట.

ఇక నువ్వడిగిన సంగతి. "బిడ్డ పుట్టాక మొదటి నెల వచ్చి నా దగ్గరుంటావా వదినా" అని రాశావు. రాసి, కొట్టేసి, మళ్ళీ రాశావు. కొట్టేసింది కూడా చదివాన్లే. ఇది అడగాలటే? మీ అమ్మ ఉంటే ఆవిడ చేసేది. ఆవిడ లేదు, నేనున్నాను. పిల్లలిద్దరినీ చెరో చంకన వేసుకుని దిగిపోతాను. అయితే ఒక్కటే షరతు. నువ్వు మందుల షాపులో పనిచేస్తున్నావు కదా అని నా ఎదుట సీసాలూ చుక్కలూ బయటికి తీయకూడదు. బిడ్డ తుమ్మినా దగ్గినా నా పెరడు, నా పద్ధతి. ఈ వీధిలో ఏ పిల్లాడికి దగ్గొచ్చినా వాళ్ళమ్మ ముందు మా గేటు తీస్తుంది, తర్వాతే ఆసుపత్రి. గొప్పలు కాదు, ఉన్నమాట.

పిల్లలు బాగున్నారు. చిట్టికి ఆరేళ్ళంటే ఎవరూ నమ్మరు, మాటలు అరవై ఏళ్ళవి. నాలుగేళ్ళ పిడుగు పేరుకి తగ్గట్టే ఎక్కడ పడతాడో తెలీదు. మొన్న ఇద్దరినీ కూర్చోబెట్టి బఠాణీ గింజలు నాటించాను. గింజంటే నిద్రపోతున్న పాపాయి, దానికి కాస్త చీకటి, కాస్త వెచ్చదనం, కాస్త తడి ఇస్తే లేచి కూర్చుంటుంది అని చెప్పాను. పిడుగు నోరు తెరుచుకుని విన్నాడు. వాడు పుట్టాక నా మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదలు. నాకెంత ముచ్చటేసిందో.

వేళకి తిను.

మీ వదిన


మందుల షాపు, కౌంటరు వెనక స్టూలు మీద నుంచి

వీధి వైద్యశిఖామణి వదినగారికి,

మొట్టికాయ అందింది. నెత్తి ఇంకా చుర్రుమంటోంది.

ముందు నీకే చెబుదామని ఫోన్ చేశాను తల్లీ! పిడుగు ఎత్తాడు. "అత్తా, నేను చెప్పులు కడిగాను" అన్నాడు. దేంతో కడిగావురా అంటే "పాలతో" అన్నాడు. ఆ తర్వాత పెద్ద కేక, నీ గొంతు, ఫోన్ కింద పడ్డ చప్పుడు. అందుకే అన్నయ్యకి చెప్పాను. అందుకే ఉత్తరాలు. మీ ఇంట్లో ఫోన్‌లో ఒక్క మాట పూర్తి చేసినవాడు ఇంతవరకు పుట్టలేదు.

వస్తానన్నావు. ఆ ముక్క చదివి షాపులోనే ఏడ్చేశాను. ఎదుట నించున్న పెద్దాయన తన మందులు అంత ఖరీదా అని కంగారుపడ్డాడు. కడుపుతో ఉన్నప్పుడు ఏడుపు దానంతటదే వస్తుందట, నన్నేం అనకు.

షరతు మాత్రం చదవగానే ఒళ్ళు మండింది. నేను పొద్దస్తమానం మందుల మధ్య బతికేదాన్ని. నా బిడ్డకి నీ పుదీనా, నీ అల్లం తప్ప ఇంకేం ఇవ్వకూడదా? మా ఆయన కూడా "మీ వదిన వస్తే మన షాపు మూసుకోవాల్సిందే" అని నవ్వుతున్నాడు. సరే, షరతుకి షరతు. ఒక్క రుజువు చూపించు. మన పిల్లలిద్దరిలో ఎవరికైనా ఏదైనా వస్తే, మందు చుక్క లేకుండా నువ్వు తగ్గించు. తగ్గిందా, నా బిడ్డ నీ చేతిలో పెడతాను, నోరెత్తను. తగ్గలేదా, మా డాక్టరు చెప్పినట్టు నువ్వూ నేనూ ఇద్దరం వినాలి.

నువ్విచ్చిన పుదీనా కొమ్మ చచ్చిపోయింది. ఎందుకో తెలీదు. రోజుకి నాలుగుసార్లు నీళ్ళు పోశాను.

నీ ఆడపడుచు


పెరటి మెట్లు,
పిల్లలు నిద్రపోతుండగా, కాబట్టి తొందరగా

పుదీనా హంతకురాలికి,

నాలుగుసార్లా? అది మొక్కటే, చేప కాదు.

రుజువు అడిగావు కదా. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. మన పిడుగుకి జలుబు చేసింది. ఎక్కడో చూద్దామనుకున్న మందు లేని వైద్యం ఇదిగో, నీ కళ్ళముందే. నీ బిడ్డకి ఊయల ఎక్కడ కట్టాలో చూసి ఉంచుకో, నేను గెలిచేసినట్టే.

పొద్దున తేనెలో అల్లం రసం. సాయంత్రం వేడినీళ్ళలో పుదీనా వేసి ఆవిరి. దుప్పటి కప్పుకుని వాణ్ణి ఒళ్ళో పెట్టుకుంటాను. లోపల ఇద్దరం గుహలో ఎలుగుబంట్లం. వాడు గుర్రుమంటాడు, నేనూ గుర్రుమంటాను. మీ అన్నయ్య గుమ్మంలో నించుని ఈ కొంప ఇక బాగుపడదన్నట్టు చూస్తాడు.

కాకపోతే ఇది కాస్త మొండి జలుబే. వారం దాటి ఇంకో వారం నడుస్తోంది. తమాషా ఏమిటంటే, కారేది కుడి ముక్కొక్కటే. ఎడమవైపు ఎండాకాలం, కుడివైపు వానాకాలం. వాసన కూడా వస్తోంది, నానబెట్టి మర్చిపోయిన పప్పులాగ. జ్వరం లేదు. తిండి మానలేదు, అల్లరి అసలు మానలేదు. పడుకుంటే నోరు తెరుచుకుని ఎడమవైపుకే తిరుగుతాడు. పక్కింటావిడ "ఇన్నాళ్ళా?" అని మూతి తిప్పింది. లోపలున్న చెడంతా బయటికి పోతోందమ్మా, పోనీ, అన్నాను.

చిట్టిని చూస్తే నీకు ముద్దొస్తుంది. తమ్ముడంటే ఎంత ప్రాణమో! రోజూ స్కూల్ నుంచి వచ్చి, సంచి అయినా దింపకుండా టార్చిలైటు పట్టుకుని వాడి మొహం పరీక్ష చేస్తుంది. డాక్టరాట. మొక్కల మీద కూడా శ్రద్ధ పెరిగింది. "బఠాణీ ఎన్నాళ్ళకి మొలుస్తుందమ్మా? ఆకు ముందొస్తుందా, వేరు ముందొస్తుందా?" అని ప్రాణం తీస్తోంది. వేరే ముందు అని చెప్పాను. చాలా ఆలోచించి "అయితే లోపలికి పోతుందా?" అంది. అవునే, లోపలికే అన్నాను. ఆ రోజు పాపం సరిగ్గా అన్నం తినలేదు. పిల్లలకి ఏది ఎప్పుడు మనసుకి పడుతుందో చెప్పలేం.

నా కోసం గది సర్దిపెట్టు. ఓడిపోయినవాళ్ళు ఏడవకూడదు.

నీ వదిన


షాపు నుంచి, మధ్యాహ్నం

వదినా,

నీ ఉత్తరం నవ్వుతూ చదవడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. వెంటనే ఫోన్ చేశాను. "ఆవిరి పడుతున్నానే, తర్వాత" అని పెట్టేశావు. మళ్ళీ చేస్తే పిడుగు ఎత్తి గుర్రుమన్నాడు. అందుకే రాస్తున్నాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

జలుబుకి కుడీ ఎడమా తేడా ఉండదు. వస్తే రెండు వైపులా వస్తుంది, నాలుగు రోజులుండి పోతుంది. చిన్నపిల్లాడికి ఒక్క ముక్కే కారుతూ, పైగా వాసన వస్తోందంటే, అందులో వాడు ఏదో పెట్టుకుని ఉండొచ్చు. పూస, కాగితం ముక్క, ఏదైనా. ఇలాంటివాళ్ళు మా షాపు పక్క డాక్టరు దగ్గరికి వస్తూనే ఉంటారు. అక్కడ ఒకసారి బొమ్మ బూటు తీశారు.

నువ్వు చూడబోకు. పిన్నీసు, పుల్ల, వేలు ఏదీ పెట్టకు. లోపలికి జారి ఊపిరి గొట్టంలో పడితే ప్రమాదం. ఆవిరి ఆపెయ్. పిల్లల డాక్టరుకి చూపించు. పందెం గిందెం ఏమీ లేదు, మర్చిపో. నాకు పిడుగు కావాలి, నువ్వు కావాలి.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి

మందుల షాపు మేడమ్ గారికి,

తమరి ఉత్తరం అందింది. ధన్యవాదాలు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. ఇంట్లో మనిషి చెబితే ఎవరికి ఆనుతుంది? ఈ వీధి వీధంతా నా కషాయం తాగి లేచి తిరుగుతోంది. కానీ సొంత ఆడపడుచుగారికి మాత్రం నేను కొడుకు ముక్కులో ఏముందో కూడా తెలీని తల్లిని. వాణ్ణి కన్నది నేనండీ. రోజుకి పదిసార్లు ఆ ముక్కు తుడిచేదీ నేనే. అందులో బూట్లుంటే నాకు కనపడవా?

పందెం ఓడిపోతున్నామని తెలిసి మీరు ఎత్తిన కొత్త ఎత్తు చాలా బాగుంది. నేను రావడం మీకు అంత కష్టంగా ఉంటే ఆ ముక్క సూటిగా చెప్పాల్సింది. ఆయాల్ని జీతానికి పెట్టుకుంటారు కదా ఈరోజుల్లో.

ఉంటానండీ.

నిన్నటినుంచి వాడు ఆ వైపు చెయ్యి వెయ్యనివ్వట్లేదు. ముట్టుకుంటే ఏడుస్తున్నాడు. ఇవాళ కొంచెం రక్తం చార కూడా కనిపించింది. జలుబు ముదిరితే అలా ఉంటుంది కదూ?


షాపు నుంచి, అన్నయ్య పనికి కలప తీసుకొచ్చే లారీ అతని చేతికిచ్చి

వదినా,

ఉండదు. జలుబులో అలా ఉండదు.

ఈ కాగితం చదవడం అవ్వగానే వాణ్ణి ఎత్తుకుని బయల్దేరు. స్టవ్ మీద ఏముంటే అది మాడిపోనీ. నన్ను తిట్టాలంటే వచ్చాక కూర్చుని తీరిగ్గా తిట్టు, పడతాను. మేడమ్ అని మాత్రం పిలవకు, నేను తట్టుకోలేను.

అన్నయ్యా, ఇది నువ్వు చదువుతుంటే, ఉలి కింద పెట్టు. మళ్ళీ చేతిలోకి తీసుకోకు.


ఇంటి నుంచి,
మెట్ల మీద కాదు, లోపలి గదిలోంచి

నా బంగారు తల్లికి,

పిడుగు బాగున్నాడు. ముందు ఈ మాట చదివి ఊపిరి పీల్చుకో.

లారీ అతను నీ చీటీ ఇచ్చేసరికి మీ అన్నయ్య చేతిలో రంపం ఉంది. చదివాడు. రంపం పడేశాడు, పిల్లాణ్ణి భుజాన వేసుకున్నాడు, నేను చెప్పులు వేసుకునేలోపల వీధి చివరికి వెళ్ళిపోయాడు. చిట్టిని ఎక్కడ వదలాలో తెలీక వెంటబెట్టుకుని పరిగెత్తాను.

డాక్టరమ్మ గదిలో మీ అన్నయ్య కుర్చీలో కూర్చుని వాణ్ణి ఒళ్ళో బిగించి పట్టుకున్నాడు. ఆవిడ నెత్తిన లైటు పెట్టుకుని ముక్కులోకి చూసింది. "ఉంది" అంది. ఒక్క మాటే. సన్నటి కొక్కెం ఒకటి చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గరికి తెచ్చిందో లేదో, మూల నుంచి చిట్టి గావుకేక పెట్టింది.

"తీయకండీ! ఇంకా ఆకు రాలేదూ!"

డాక్టరమ్మ కొక్కెం పట్టుకునే వెనక్కి తిరిగి, "ఏ ఆకమ్మా?" అంది.

ఇక ఏం దాస్తుంది? వెక్కుతూ మొత్తం చెప్పింది. మట్టిలో నాటితే లోపలేం జరుగుతోందో కనపడదట. కనపడే చోట నాటాలనుకున్నారట ఇద్దరూ. చీకటి, వెచ్చదనం, తడి మూడూ ఉన్న చోటు ఎక్కడుందా అని ఇల్లంతా వెతికారట. పిడుగే చెప్పాడట, "నా ముక్కులో ఉన్నాయి" అని. నోట్లో అయితే మింగేస్తాడని ఆలోచించి మరీ ఒద్దందట, చూడు దాని తెలివి. వేరు లోపలికి పోతుందని నేను చెప్పిన రోజు భయమేసిందట, చెబితే తంతానని చెప్పలేదట. "నీళ్ళు పోయడం కష్టమైంది. కానీ అమ్మ రోజూ ఆవిరి పట్టింది, అందుకే బాగా మొలిచింది" అంది డాక్టరమ్మతో. నన్ను మెచ్చుకుంటోందే అది!

డాక్టరమ్మ పెదాలు బిగబట్టుకుని కిటికీ వైపు తిరిగి కొంచెంసేపు నిలబడింది. ఆవిడ భుజాలు కదులుతూనే ఉన్నాయి. తర్వాత ఒక్క లాగులో తీసేసింది. ఇంత లావు ఉబ్బిన బఠాణీ, తొక్క పగిలి, తెల్లటి బుల్లి మొలకతో సహా. పిడుగు ఏడుపు ఆపి "నా చెట్టు నాకిచ్చెయ్" అని చెయ్యి చాచాడు.

లోపల పుండు పడిందట. మందు చుక్కలిచ్చింది, వేస్తున్నాను. నీ సీసాలే. ఆవిరికి ఇంకా ఉబ్బిందనీ, గట్టిగా లోపలికి పీల్చినప్పుడు జారి ఊపిరికి అడ్డం పడి ఉంటే చాలా కష్టమయ్యేదనీ చెప్పింది. నా ఒళ్ళో, దుప్పటి కింద, నేను గుర్రుమంటుంటే వాడు గట్టిగా పీల్చాడు. రోజూ పీల్చాడు. అది తలుచుకుని రాత్రంతా వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తున్నాను.

మీ అన్నయ్య దారంతా వాణ్ణి కిందికి దించలేదు. గుమ్మం ఎక్కుతూ "నువ్వు ఏం పెంచినా పెరుగుతుందే" అన్నాడు. నన్ను నవ్వించాలని చూశాడు పాపం. నాకు ఏడుపు ఆగలేదు.

పక్కింటావిడ ఇవాళ మనవడి దగ్గుకి కషాయం అడిగింది. నా దగ్గర లేదన్నాను. అల్లం అలానే ఉంది.

ఇంకో సంగతి. నేను నీ దగ్గరికి రాను. కోపంతో కాదు, ఒట్టు. సొంత కొడుకు ముక్కులో బఠాణీ పండించిన దాన్ని. పదిమంది పిల్లలకి వైద్యం చేశానని విర్రవీగి, ఇంట్లో ఉన్నది చూడలేకపోయాను. నువ్వు చెబితే నిన్ను నానా మాటలూ అన్నాను. ఇప్పుడే పుట్టిన పసిగుడ్డుని నా చేతిలో ఎలా పెడతావు? పెట్టొద్దు. ఎవరైనా చదువుకున్న నర్సుని పెట్టుకో. నాకు భయంగా ఉంది.

వదిన


షాపు నుంచి,
షట్టరు సగం దించి

వదినా,

క్షమించు. ఆకు రాలేదన్న దగ్గర పొట్ట పట్టుకుని నవ్వాను. లోపలి బిడ్డ కూడా తన్నింది. మా ఆయనకి చదివి వినిపిస్తే తాగుతున్న నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి, ఆయనకి మాత్రం రెండు వైపులా. చిట్టిని కొట్టలేదు కదా? కొట్టబోకు. అది రేపు పెద్ద శాస్త్రవేత్త అవుతుంది, మనందరినీ ఎక్కడో ఒకచోట నాటుతుంది.

ఇప్పుడు నా మాట విను.

నీ కొడుకు ముక్కులో ఏదో ఉందని కనిపెట్టింది నేననుకుంటున్నావు. నేను వాణ్ణి చూశానా? ఇంత దూరంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాను. కుడివైపే అని రాసింది ఎవరు? వాసన ఎలా ఉందో రాసింది ఎవరు? జ్వరం లేదు, నోరు తెరిచి పడుకుంటున్నాడు, ఎడమవైపుకే తిరుగుతున్నాడు, రక్తం చార కనిపించింది. ఇవన్నీ నువ్వు చూసినవే. నేను ఉత్తరం చదివాను, అంతే. మా షాపుకి రోజూ తల్లులొస్తారు. "బాబుకి జలుబండీ." ఏ వైపు కారుతోందమ్మా? "ముక్కేనండీ." ఎన్నాళ్ళ నుంచి? "ఉందండీ." అంతకుమించి ఒక్క ముక్క రాదు. నీలా చూసే మనిషి కౌంటరు అవతల ఇంతవరకు నాకు కనపడలేదు. నువ్వు తప్పు చేశావు, చేయలేదని అనను. చూసిందానికి పేరు తప్పు పెట్టావు. పేరు పెట్టడానికి డాక్టర్లున్నారు, వీధికి ముగ్గురు. చూసేవాళ్ళే లేరు.

నేనిన్నాళ్ళూ నీకు చెప్పనిది ఒకటుంది. షరతులూ పందేలూ అని ఎగిరాను కానీ, నాకు నీ అల్లం గురించి పట్టింపేమీ లేదు. నాకు భయం వదినా. షాపులో ఉన్న పసిపిల్లల కాగితాలన్నీ చదివేశాను. ఎంత చుక్క ఎంత బరువుకి అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ పిల్లని ఎలా ఎత్తుకోవాలో నాకు తెలీదు. పిల్లల్ని ఎత్తుకోవడం చూసి నేర్చుకునే వయసు రాకముందే అమ్మ పోయింది. మొన్న ఎవరూ లేనప్పుడు పక్కింటి పాప షాపులో మర్చిపోయిన బొమ్మని ఎత్తుకుని చూశాను. మెడ కింద చెయ్యి పెట్టాలన్నారు కదా, పెట్టాను. తల ఊడి కౌంటరు కిందికి దొర్లిపోయింది. అక్కడే నేల మీద కూర్చుని బొమ్మ తల పట్టుకుని ఏడ్చాను.

నర్సు వస్తుంది, పనయ్యాక వెళ్ళిపోతుంది. ఆ తర్వాత తలుపేసుకుంటే లోపల నేనూ, నా బిడ్డా. నువ్వు రాకపోతే నాకింకెవరున్నారు?

రా వదినా. అడిగి కొట్టేయడం లేదు ఈసారి.

నీ ఆడపడుచు


పెరటి మెట్లు,
ఎండ ఉన్నా సరే

ఒసేయ్ పిచ్చిదానా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకిచ్చాను. చదివి, మడత పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. అది నాది, తిరిగివ్వు అంటే ఇవ్వలేదు. మధ్యాహ్నం చూస్తే పాత పెట్టెకి కొత్త పిడి వేస్తున్నాడు. "ఎక్కడికి?" అన్నాను. "నీకు తెలీదా" అన్నాడు. చెక్కతో మాట్లాడే మనిషికి ఇది పెద్ద ఉపన్యాసమే.

పక్కింటావిడ మళ్ళీ వచ్చింది. ఈసారి లేదనలేదు. ఇచ్చే ముందు పిల్లాణ్ణి వెలుతురులో నిలబెట్టి ముక్కు, చెవి, గొంతు చూసి, ఎన్నాళ్ళ నుంచి, ఎప్పుడెప్పుడు, ఎలా దగ్గుతున్నాడు అని అడిగాను. ఆవిడకి విసుగొచ్చి "కషాయం అడిగితే కోర్టులో నిలబెట్టావే" అంది. దగ్గులో చిన్న కూత వినిపించింది. కషాయం కాదమ్మా, ముందు డాక్టరు, పద అని నేనే తీసుకెళ్ళాను.

కాబట్టి వస్తున్నాను. బిడ్డ పుట్టాక కాదు, పుట్టకముందే. మీ అన్నయ్యకి వంట వచ్చని ఆయనే అంటున్నాడు, దేవుడే దిక్కు. పిల్లలు నాతోనే వస్తారు. నీ షాపులో వాళ్ళ చేతికి అందే ఎత్తులో ఏదీ ఉంచకు. మన ఇద్దరి మధ్యా ఏ షరతూ లేదు. బిడ్డ తుమ్మితే నేను చూస్తాను, నువ్వు చదువుతావు, డాక్టరు పేరు పెడతాడు.

బొమ్మ తల ఊడిందని ఏడ్చావా? బొమ్మ మెడ ప్లాస్టిక్ అమ్మా, నీ తప్పేం లేదు. చిట్టి పుట్టినప్పుడు నాకూ ఎత్తుకోవడం రాలేదు. ఎవరికీ రాదు. ఎత్తుకుంటే వస్తుంది. అందుకని ఇప్పుడే చెబుతున్నాను విను. నేనొచ్చాక నీ బిడ్డని ముందు నేను ఎత్తుకోను. నువ్వు ఎంత బతిమాలినా ఎత్తుకోను. నువ్వే ఎత్తుకుంటావు.

నేను నిన్ను పట్టుకుంటాను.

మీ వదిన